సాగరచిత్రములును హృదయభావములును

సముద్రమును చిత్రింపుడని తరగతిలో చెప్పినచో, బాలురు సామాన్యముగా కాగితమునకు నడుమ నొక గీత గీసి, దాని క్రింద నీలిరంగు పూసి, పైన సగము మునిగిన సూర్యబింబమును, ప్రక్కన తెరచాపతో నొక పడవను నిలుపుదురు. ఇది తప్పు కాదు. సముద్రమున నీరు కలదు, పడవ కలదు, సూర్యుడును కలడు. కాని యా పటమును చూచినవాడు ‘ఇది సముద్రము’ అని గుర్తించి పుట త్రిప్పివేయును, నిలిచి చూడడు. సుమారు రెండువందల సంవత్సరముల క్రిందట ఐరోపాఖండమున కొందఱు చిత్రకారులు ఆ నీటినే, ఆ యాకాశమునే, ఆ యోడనే తీసికొని, చూచువారు భయపడునట్లును, జాలిపడునట్లును, తుదకు సిగ్గుపడునట్లును చిత్రించిరి. వారిని రొమాంటిక్ చిత్రకారులందురు. నీటికిని, రంగునకును అట్టి శక్తి యెట్లు వచ్చెనో ఈ వ్యాసమున విచారింతము.

సముద్రమును హృదయముతో పోల్చుట ఐరోపావారికి మాత్రమే తెలిసిన విద్య కాదు. మన భాషనే చూడుడు. మిక్కిలి దుఃఖించువాడు దుఃఖసాగరమున మునిగెనందుము. కష్టములు తీరినవాడు గట్టెక్కెనందుము. నమ్మించి విడిచినవాడు నట్టేట ముంచెనందుము. బ్రతుకునే సంసారసాగరమందుము. ఇట్లనునపుడు నిజముగా నీరు లేదు, గట్టును లేదు. కంటికి కనబడని భావమునకు కంటికి కనబడు వస్తువు నొకదానిని గుర్తుగా నిలిపితిమి. దీనినే ప్రతీక యందురు. మనము మాటలతో చేయు పనినే యీ చిత్రకారులు రంగులతో చేసిరి. భేదమొక్కటి కలదు. మాటలలో ‘సాగరము’ అనిన చాలును. పటమునందు ఆ సాగరము నిజముగా సాగరమై కనబడవలెను. అల అలగా లేనిచో అది దుఃఖమునకు గుర్తు కాజాలదు. ఈ సంగతిని మనస్సునందుంచుకొని ముందునకు పోవుదము.

వీరికి పూర్వము సముద్రచిత్రములు లేకపోలేదు. 17వ శతాబ్దమున హాలండు దేశమున ఓడవర్తకము వృద్ధి చెందుటచే, ఓడలను, రేవులను, నౌకాయుద్ధములను చిత్రించువారు పెక్కుమంది బయలుదేరిరి. విల్లెమ్ వాన్ డె వెల్డె అను తండ్రియు, ఆ పేరే గల కుమారుడును వారిలో ప్రసిద్ధులు. వారిరువురును 1672-73 ప్రాంతమున ఇంగ్లండునకు వచ్చి రాజాశ్రయమున పనిచేసిరి. వారి పటములయందు ప్రతి త్రాడును, ప్రతి కొయ్యయు లెక్కపెట్టవచ్చును. ఆ పటములయందు భావము లేదనరాదు. కాని వానిని కొన్నవారు ముఖ్యముగా కోరినది తమ యోడల రూపమును, తమ దేశపు విజయమును. సముద్రము ఆ కథకు రంగస్థలము.

18వ శతాబ్దమున ఆలోచన మాఱెను. 1757వ సంవత్సరమున ఎడ్మండ్ బర్క్ అను రచయిత, సుందరమైనది వేఱు, మహత్తరమైనది వేఱు అని వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. పూవు, పసిబిడ్డ, మెత్తని పచ్చిక మనకు ప్రీతి కలిగించును, అవి సుందరములు. ఎత్తైన పర్వతము, చిమ్మచీకటి, తుపానుపట్టిన సముద్రము మనకు భయము కలిగించును. ఐనను మనము సురక్షితమైన చోట నిలిచి చూచునపుడు ఆ భయమే యొక విధమగు గంభీరమైన ఆనందమగును. ఇట్టి దానిని మహత్తరమనిరి. ఈ భావము చిత్రకారులలో వ్యాపించిన పిమ్మట సముద్రము రంగస్థలముగా నుండుట మాని, తానే పాత్రయయ్యెను.

ఇక మూడు దేశముల చిత్రకారులను ముగ్గురిని చూతము.

మొదటివాడు జర్మను చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిఖ్. ఇతడు 1774లో బాల్టిక్ సముద్రతీరమునకు చేరువనున్న గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణమున జన్మించెను. 1787లో ఇతని తమ్ముడు మంచుగడ్డ విరిగిన చోట నీట మునిగి మరణించెను. నీటిని బాల్యముననే యిట్లు ఎఱిగినవాడు దానిని వేడుకగా చిత్రింపలేకపోవుటలో వింత లేదు.

ఇతని ‘సముద్రతీరమున సన్యాసి’ అను పటము 1808-1810 సంవత్సరముల నడుమ రచింపబడి, 1810లో బెర్లినులోని అకాడమీ ప్రదర్శనమున నుంచబడెను. క్రింద సన్నని ఇసుకతిన్నె. దానిపై నల్లనియంగీ ధరించిన చిన్న మనుష్యుడొకడు మనకు వీపు త్రిప్పి నిలుచున్నాడు. అతని యెదుట నల్లని సముద్రపు పట్టె. తక్కిన పటమంతయు ఆకాశము. అంతే. ఓడ లేదు, చెట్టు లేదు, సూర్యుడు లేడు. తరువాతి కాలమున ఇన్‌ఫ్రారెడ్ కిరణములతో ఈ పటమును పరీక్షింపగా, ఫ్రీడ్రిఖ్ మొదట సన్యాసికి ఇరుప్రక్కల ఓడలను చిత్రించియుండెనని తెలిసినది. పిదప వానిని తానే కప్పివేసెను. ఎందుకు? ఓడ యున్నచో చూపు ఓడమీదికి పోవును. ఓడ యెక్కడికి పోవుచున్నదను ఆలోచన పుట్టును. ఓడ లేనిచో చూపు నిలుచుటకు చోటుండదు. అప్పుడు అనంతమైన దానియెదుట మానవుడెంత యల్పుడో, ఐనను ఎదుట నిలిచి చూడగలవాడు మానవుడొక్కడే యను సంగతియు మనకు తోచును. విద్యార్థులారా, వ్రాయుటయందును ఇది పాఠమే. చేర్చిన దానిచేతనే గాక, తీసివేసిన దానిచేతను భావము కలుగును.

ఆ సన్యాసి మనకు వీపు త్రిప్పియుండుటయు గమనింపదగినది. ముఖము కనబడినచో మనము అతనిని చూతుము. వీపు కనబడుటచే, అతని వెనుక నిలిచి అతడు చూచుచున్న దానిని మనమును చూతుము. అతని యేకాంతము మనదగును.

ఫ్రీడ్రిఖ్ 1835 ప్రాంతమున రచించిన ‘జీవితదశలు’ అను పటమున ప్రతీక ఇంకను తేటగా నుండును. తీరమున ఐదుగురు మనుష్యులు. నీటిపై ఐదు ఓడలు. ముదుసలి యొకడు మనకు వీపు త్రిప్పి నీటివైపు చూచుచు నిలిచియున్నాడు; అతని ముందఱ నడివయస్సువా డొకడు, యువతి యొకతె, ఇద్దఱు పసిబిడ్డలు. ఓడలు కొన్ని దరికి దగ్గఱగాను, కొన్ని దూరముగాను ఉన్నవి. సాయంకాలపు వెలుగు. ఏ యోడ యెవరిదో చిత్రకారుడు చెప్పలేదు. పండితులు పలువిధముల చెప్పుదురు. కాని ఒడ్డున ఐదుగురు, నీట ఐదు ఓడలు అని లెక్కించినవానికి, ఇది కేవలము ఓడరేవు కాదని తెలియకపోదు.

ఇతని ‘మంచు సముద్రము’ 1823-24లో రచింపబడినది. ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోయిన నావికుల వార్తలు ఆ కాలమున ప్రచారమందుండెను. ఫ్రీడ్రిఖ్ ధ్రువ ప్రాంతమును చూచినవాడు కాడు. తానుండిన డ్రెస్డెన్ పట్టణమున ఎల్బానదిపై గడ్డకట్టిన మంచును 1820-21 చలికాలమున శ్రద్ధగా పరిశీలించి, ఆ పలకలనే పర్వతమంత చేసెను. మంచుపలకలు ఒకదానిపై నొకటి పేరుకొని గోపురమువలె లేచినవి. కుడిప్రక్క నలిగిపోయిన ఓడ కొంత మాత్రము కనబడును. చూచిన దానినుండి చూడని దానిని నిర్మించుట ఇట్టిది. ఈ పటమును ఆతడు 1840లో మరణించునంతవఱకు ఎవ్వరును కొనలేదు. నేడిది హాంబర్గు చిత్రశాలయందు మిక్కిలి గౌరవింపబడు పటములలో నొకటి.

రెండవవాడు ఫ్రెంచి చిత్రకారుడు థియొడోర్ జెరికో. ఇతడు 1791లో పుట్టి 1824లో, ముప్పదిమూడవ సంవత్సరమయిన నిండకమునుపే, మరణించెను. ఇతని ‘మెడూసా తెప్ప’ అను పటమునకు మూలమైన కథ ఇది. 1816వ సంవత్సరము జూలై 2వ తేదీన మెడూసా యను ఫ్రెంచి యుద్ధనౌక పశ్చిమాఫ్రికా తీరమున ఇసుకమేటపై చిక్కుకొనెను. దాని నాయకుడు ఇరువది సంవత్సరములకు పైగా సముద్రముపై పనిచేసినవాడు కాడు. రాజపక్షము వాడగుటచే ఆ యుద్యోగము నొందెను. పడవలు చాలకపోవుటచే 147 మందిని కొయ్యలతో కట్టిన తెప్పపై నెక్కించిరి. పడవలలోనివారు ఆ తెప్పను లాగుకొని పోవలసియుండగా, త్రాళ్లను వదలివేసిరి. పదుమూడు దినములు ఆ తెప్ప ఆకలితో, దప్పితో, చెప్పరాని ఘోరములతో కొట్టుకొనిపోయెను. ఆర్గస్ అను ఓడ వచ్చి కనుగొనునప్పటికి సజీవులుగా నున్నవారు 15 మంది.

జెరికో బ్రతికివచ్చినవారిలో ఇద్దఱిని కలిసికొని వారి నోటనే కథను వినెను. ఓడవడ్రంగిచేత తెప్ప నమూనాను చేయించెను. చనిపోవువారి మేనిరంగును తెలిసికొనుటకు వైద్యశాలలకును, శవములుంచు తావులకును పోయెను. ఇంత శ్రమించి 7 మీటర్లకు పైగా వెడల్పును, 5 మీటర్లకు దగ్గఱగా ఎత్తును గల పటమును రచించి 1819లో పారిసు ప్రదర్శనమున నుంచెను.

ఇందలి కూర్పును పరికింపుడు. ఎడమవైపు క్రింద శవములును, నిరాశతో తల వంచిన ముదుసలియు. అక్కడనుండి దేహములు ఒకదానిపై నొకటి లేచుచు కుడివైపు పైకి పోవును. శిఖరమున ఒక నల్లజాతి యువకుడు గుడ్డను పైకెత్తి ఊపుచున్నాడు. దూరమున దిగంతమున ఆర్గస్ ఓడ, చీమంత, కంటికి ఆనీ ఆననట్లుగా. ఇక గాలిని చూడుడు. తెరచాపను నింపిన గాలి తెప్పను ఓడవైపునకు గాక, దానికి ఎదురుదిక్కునకు త్రోయుచున్నది. మనుష్యుల ఆశ యొకవైపు, సముద్రము మఱియొకవైపు. నిజమునందును ఆ యోడ మొదట కనబడి మఱల కనుమఱుగై, పిదప తిరిగివచ్చెను. చిత్రకారుడు రక్షణదినమును చిత్రింపలేదు. రక్షణ కలుగునో లేదో తెలియని ఘడియను ఎన్నుకొనెను. ఆశ యనునది తెలియని ఘడియలోనే గదా పుట్టును! ఫ్రెంచి వలసరాజ్యములలో దాస్యము 1848 వఱకు తొలగలేదు. అట్టి కాలమున, అందఱి ఆశను మోయు శిఖరమునందు నల్లజాతివానిని నిలుపుట సామాన్యమైన సంగతి కాదు.

మూడవవాడు ఆంగ్ల చిత్రకారుడు జోసఫ్ మల్లోర్డ్ విలియమ్ టర్నర్. ఇతడు 1775లో లండనులో ఒక మంగలి యింట జన్మించి, 1851లో మరణించెను. ఇతని ‘టెమెరేర్’ పటము 1839లో ప్రదర్శింపబడెను. టెమెరేర్ 98 ఫిరంగులు గల ఓడ. 1805లో జరిగిన ట్రఫాల్గర్ యుద్ధమున పేరు పొందినది. 1838లో దానిని ముక్కలు చేయుటకై థేమ్సునది మీదుగా ఈడ్చుకొనిపోయిరి. పటమునందు తెల్లని ముసలియోడ మూడు స్తంభములతో దయ్యమువలె తేలివచ్చుచుండ, ముందఱ నల్లని చిన్న పొగయోడ యొకటి నిప్పులు గ్రక్కుచు దానిని ఈడ్చుచున్నది. కుడివైపున సూర్యుడు అస్తమించుచున్నాడు.

నిజమున కా ఓడకు అప్పటికే స్తంభములు తీసివేయబడెను. ఈడ్చినవి రెండు పొగయోడలు. ఓడ పోయిన దిక్కు పడమర. కావున దాని వెనుక సూర్యుడు అస్తమించుట కుదరదు. టర్నర్ అబద్ధమాడెనా? అతడు ఓడల పట్టికకు లెక్క వ్రాయుటలేదు. ఒక కాలము గడచి మఱియొక కాలము వచ్చుటను, గొప్పవారు వృద్ధులై చిన్నవారిచే నడిపింపబడుటను చిత్రించుచున్నాడు. పెద్దలను చేయిపట్టి నడిపించిన ప్రతివానికిని ఈ పటము తెలియును. ఇంగ్లండులో 2020వ సంవత్సరమున వెలువడిన 20 పౌనుల నోటుపై టర్నర్ ముఖముతో కూడ ఈ యోడయు ముద్రింపబడినది.

ఇప్పుడు ఈ వ్యాసమునకు ముఖ్యమైన పటమునకు వచ్చుచున్నాను. 1840లో టర్నర్ ‘దాసుల ఓడ’ అని సామాన్యముగా పిలువబడు పటమును ప్రదర్శించెను. చచ్చినవారిని, చావనున్నవారిని దాసవర్తకులు సముద్రమున పడవేయుచుండ, తుపాను వచ్చుచున్నదని దాని పూర్తిపేరునకు అర్థము. ఇట్టి ఘోరము నిజముగా జరిగినది. 1781లో జాంగ్ అను ఆంగ్లనౌకనుండి 130 మందికి పైగా ఆఫ్రికావాసులను సజీవులుగానే సముద్రమున త్రోసివేసిరి. పిమ్మట యజమానులు తలకు 30 పౌనుల చొప్పున ఇన్సూరెన్సు సొమ్ము కోరిరి. 1783లో న్యాయస్థానమున జరిగిన వివాదము సొమ్మును గుఱించియే. హత్యను గుఱించి ఎవ్వరును శిక్షింపబడలేదు. టర్నర్ తన పటమున ఆ యోడ పేరును వ్రాయలేదు గాని, పండితులు పలువురు దానిని ఈ కథతో కలిపి చెప్పుదురు. 1807లో బ్రిటను దాసవర్తకమును నిషేధించెను. 1833 నాటి శాసనముచే తన వలసలలో దాస్యమును రద్దు చేసెను. ఐనను ఇతర దేశముల ఓడలు ఆ వర్తకమును సాగించుచునేయుండెను. 1840లో లండనున దాస్యమునకు వ్యతిరేకముగా ఒక మహాసభ జరిగెను.

పటమును మొదట చూచినవానికి కనబడునది సౌందర్యమే. ఆకాశమంతయు ఎఱుపు, బంగారము; నడుమ తెల్లని వెలుగు నిలువుగా నీటిలోనికి దిగుచున్నది; ఎడమవైపు దూరమున చాపలు దించిన ఓడ. ‘ఆహా, ఎంత చక్కని సాయంకాలము!’ అందుము. పిదప చూపు క్రిందికి దిగును. కుడివైపు మూలను, నీటిపై నొక కాలు, దానికి ఇనుపసంకెల, చుట్టును చేపలు, పక్షులు. అలలయందు అక్కడక్కడ చేతులు. అప్పుడు ఆకాశపు ఎఱుపు ఏమి యెఱుపో మనకు తెలియును. సౌందర్యము మాఱలేదు, మనము మాఱితిమి.

ఆ కాలపు విమర్శకులు కొందఱు ఈ పటమును పరిహసించిరి. ఇనుపసంకెలలు నీటిపై తేలుటయా యని నేటివారును అడుగవచ్చును. నిజమే, ఇనుము మునుగవలెను. నా మట్టుకు, అవి మునుగకుండుటయే ఈ పటమునకు ప్రాణమని తోచుచున్నది. నీట పడవేసినచో ఎవ్వరికిని తెలియదనుకొన్నారు. లెక్కపుస్తకమున సొమ్ముగా వ్రాసికొన్నారు. కాని సముద్రము దాచలేదు. నేరము తేలినది.

చిత్రకారుడు తాను మచ్చలేనివాడనుకొనరాదు. 1805లో, అనగా ఈ పటమునకు ముప్పదియైదేండ్లకు ముందు, టర్నర్ జమైకాద్వీపమున దాసులచే పనిచేయించు నొక పశుక్షేత్రపు వ్యాపారమున 100 పౌనుల వాటా కొనియుండెను. ఈ సంగతి ఆ పటమును తక్కువ చేయునా, లేక దానికి బరువును చేర్చునా? మీరే ఆలోచింపుడు.

ఇంకొక సంగతి చెప్పి ముగింతును. జాన్ రస్కిన్ అను ప్రసిద్ధ విమర్శకుడు 1843లో ప్రకటించిన తన గ్రంథమున ఈ పటమందలి సముద్రపు రంగులను మిక్కిలి విపులముగా పొగడెను. ఐతే ఆ యోడ దాసుల ఓడ యను సంగతిని పుట యడుగున చిన్న యక్షరములలో నుంచెను. ఆ పటమును అతని తండ్రి కొని అతనికి కానుకగా నిచ్చెను. సంవత్సరములు గడచిన పిమ్మట ఆ విషయము అతని మనస్సును బాధింపగా, దానిని ఇంట నుంచుకొనలేక అమ్మివేసెను. నేడది అమెరికాలో బోస్టను నగరపు చిత్రశాలయందున్నది. ఏ సంగతిని పుట యడుగున నుంచెనో, ఆ సంగతియే తుదకు అతనిని ఇంట నిలువనీయలేదు.

విద్యార్థులారా! ఈ పటములు మన బడిగోడలపై లేవు. కాని ఆయా చిత్రశాలలవారు వానిని ఇంటర్నెట్టు ద్వారా ప్రపంచమునకంతకు చూపుచున్నారు. పెద్దల సహాయముతో చూడవచ్చును. చూచునపుడు ఓడ యనిన బ్రతుకు, తుపాననిన కష్టము అని నిఘంటువువలె అర్థములు చెప్పుకొనకుడు. మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ పటమున నేమున్నది? ఏమి తీసివేయబడినది? నా చూపు ఇంకను పోని మూల యేది? మొదటి ప్రశ్నకు కన్ను చాలును. రెండవదానికి బుద్ధి కావలెను. మూడవదానికి మనస్సాక్షి కావలెను.

సెలవులలో సముద్రతీరమునకు పోవువారు ఒక సాయంకాలము ఊరకే కూర్చుండి అలలను చూడుడు. అల లేచు విధమును, విరుగు విధమును, వెలుగు మాఱు విధమును గమనింపుడు. తరువాత మఱల సముద్రమును చిత్రింపుడు. ఈ తడవ నీలిరంగు పట్టె యొక్కటే చాలదని మీకే తెలియును.